పక్కన వాకీటాకీ నొక్కితే పవర్ వీల్‌చెయిర్ దానంతటదే కదిలింది, ఇంకెవరికైనా ఇలా అయిందా?

చక్రాల_సుజాత (మియాపూర్)

నమస్తే అండీ. వెన్నుపాము దెబ్బ వల్ల నేను పవర్ వీల్‌చెయిర్ వాడతాను. రెండు 12 వోల్టుల బ్యాటరీలు, రెండు మోటార్లు, కుడిచేతి దగ్గర జాయ్‌స్టిక్, అందరూ వాడే రకమే. కంపెనీ పేరు అడగొద్దు, వాళ్లతో ఇంకా మాట్లాడుతున్నాను కాబట్టి ఇక్కడ రాయడం బాగుండదు.

మా అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ నుంచి గేటుకి ర్యాంపు ఉంది. పైకి వచ్చాక సెక్యూరిటీ క్యాబిన్ పక్కన ఆగి క్యాబ్ కోసం చూస్తుంటాను. మొన్న కూడా అలాగే ఆగాను. కుర్చీ ఆన్‌లో ఉంది కానీ చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను, జాయ్‌స్టిక్ మీద లేదు. వాచ్‌మన్ నా కుడి భుజం పక్కనే నిలబడి వాకీటాకీ బటన్ నొక్కి, బీ బ్లాక్‌కి ఎవరో వచ్చారని చెబుతున్నాడు. కింద బ్రేకు వదిలేటప్పుడు వచ్చే 'టక్' వినిపించింది, కుర్చీ ఎడమకి తిరుగుతూ ముందుకు జరగడం మొదలెట్టింది. నేను జాయ్‌స్టిక్ పట్టుకునేలోపే అతను బటన్ వదిలేశాడు, కుర్చీ ఆగింది. అటునుంచి ఎవరో ఏదో అడిగారు, ఇతను జవాబు చెప్పడానికి మళ్లీ నొక్కాడు, మళ్లీ టక్, మళ్లీ కదిలింది. ఈసారి ఆఫ్ చేసేశాను. ర్యాంపు అంచుకి మూరెడు దూరం కూడా లేదు.

సర్వీస్ వాళ్లకి ఫోన్ చేస్తే "మీ చెయ్యి తగిలి ఉంటుంది మేడమ్" అన్నారు. నా చెయ్యి ఎక్కడుందో నాకు తెలీదా? ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. అమ్మ వైఫై పీకేయమంటోంది, ఇండక్షన్ స్టవ్ దగ్గరికి వెళ్లొద్దంటోంది, ఎదురు బిల్డింగ్ మీద సెల్ టవర్ సంగతేంటంటోంది. తమ్ముడేమో కొత్త కుర్చీ కొనేద్దామంటున్నాడు, అదేమైనా వందల్లో పనా?

అసలు వాకీటాకీకి కుర్చీ కదలడం సాధ్యమేనా, సాధ్యమైతే దేనికెంత దూరం ఉండాలి, దీన్ని కాపాడుకోవడానికి ఏదైనా బిగించొచ్చా, తెలిసినవాళ్లు చెప్పండి.

టంకం_శీను

సాధ్యమే సుజాత గారూ. మీరు చెప్పిన గుర్తులు దాదాపు పుస్తకంలో రాసినట్టున్నాయి. నేను వీల్‌చెయిర్ కంపెనీ మనిషిని కాదు, ఇన్వర్టర్లు, మోటార్ కంట్రోలర్లు బాగుచేస్తాను, అప్పుడప్పుడు వీల్‌చెయిర్ బోర్డులు కూడా బల్ల మీదకి వస్తుంటాయి.

లోపల జరిగేది ఇది. మామూలు జాయ్‌స్టిక్, కంట్రోలర్‌కి (సీటు కింది పెట్టెలో ఉండి మోటార్లని నడిపే బోర్డు) పంపేది చిన్న వోల్టేజ్ మాత్రమే. చాలా వాటిలో కర్ర మధ్యలో ఉన్నప్పుడు రెండున్నర వోల్టుల చుట్టూ ఉంటుంది, ముందుకు నెడితే కాస్త పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. ఆ కాస్త తేడా చూసే కంట్రోలర్ బ్రేకు వదిలి మోటార్లకి కరెంటు ఇస్తుంది. ఇప్పుడు జాయ్‌స్టిక్ నుంచి సీటు కింది పెట్టె దాకా వెళ్లే కేబుల్ చూడండి, అటూ ఇటూగా మీటరు ఉంటుంది. 150 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగం పొడవు 2 మీటర్లు, అంటే మీ కేబుల్ అందులో సగం, మంచి యాంటెన్నాకి కావలసిన కొలత. అది పట్టిన సిగ్నల్ బోర్డు మీది చిప్పుల్లోకి వెళ్లి అక్కడ రెక్టిఫై అయిపోతుంది, అంటే ఎగిరెగిరి పడే రేడియో సిగ్నల్ కాస్తా నిలకడైన డీసీ వోల్టేజ్‌గా మారి, జాయ్‌స్టిక్ వోల్టేజ్‌కి తోడవుతుంది. పాపం కంట్రోలర్‌కి మీరు కర్ర నెట్టారో, వాచ్‌మన్ బటన్ నొక్కాడో తెలిసే దారి లేదు.

ఇంకో గుర్తు. పాతరకం అనలాగ్ వాకీటాకీ ఎఫ్ఎం, అంటే మాటని సిగ్నల్ బలం మార్చి కాకుండా ఫ్రీక్వెన్సీ మార్చి పంపే రకం, కాబట్టి బటన్ నొక్కినంతసేపూ సిగ్నల్ ఒకే బలంతో ఉంటుంది. అందుకే కుర్చీ కుదుపుల్లేకుండా, ఎవరో మెల్లగా నెడుతున్నట్టు కదులుతుంది, వదలగానే ఆగుతుంది. కొత్త డిజిటల్ సెట్లూ, 2జీ ఫోన్లూ ముక్కలు ముక్కలుగా పంపుతాయి, పక్కన పెడితే స్పీకర్లో 'గిర్ర్ గిర్ర్' మనేది ఆ ముక్కలే. వాటి దెబ్బ తగిలితే మెల్లగా జరగడం కాదు, వణుకో కుదుపో వస్తుంది. మీది నిలకడగా జరిగిందా, కుదుపుగానా? అది చెబితే సగం తేలిపోతుంది.

అయితే ఒక్క మాట, రేడియో అనేసుకుని మిగతావి వదిలేయకండి. నా బల్ల మీదకి 'దానంతటదే కదులుతోంది' అని వచ్చినవాటిలో ఎక్కువ భాగం జాయ్‌స్టిక్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు చిరిగి లోపలికి నీళ్లో టీయో పోయినవి, లేకపోతే కర్ర వదిలితే సరిగ్గా మధ్యకి రానివి, హ్యాండ్‌రెస్ట్ కింద కనెక్టర్ వదులైనవి. ఇవి వాకీటాకీ ఉన్నా లేకపోయినా వస్తాయి. మీ కుర్చీ రెండుసార్లూ బటన్‌తో పాటే కదిలి బటన్‌తో పాటే ఆగింది కాబట్టి అనుమానం రేడియో మీదకే పోతోంది గానీ, కనెక్టర్లు మాత్రం చూపించాల్సిందే.

బెజవాడ_బాలు

అక్కా సింపుల్. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ తెచ్చి జాయ్‌స్టిక్ వైరుకీ, కింద కంట్రోలర్ పెట్టెకీ రెండు చుట్లు చుట్టి పైన ఇన్సులేషన్ టేప్ వేసేయండి. మా ఫ్రెండ్ వాళ్ల బైక్ అలారమ్‌కి అలాగే చేశాం, ఇప్పటికీ గమ్మునుంది. కంపెనీవాళ్లు దీనికే వేలకు వేలు బిల్లేస్తారు.

వీయూ3_మేడమీద_యాంటెన్నా

బాలూ, ఆ సలహా వెనక్కి తీసుకో తమ్ముడూ. దేనికీ కలపకుండా ఊరికే చుట్టిన ఫాయిల్ కవచం కాదు, అది ఇంకో లోహపు ముక్క, అంతే. దాన్ని సరైన చోట కుర్చీ గ్రౌండ్‌కి కలపకపోతే తరంగాన్ని పట్టి లోపలి వైరుకే అందించొచ్చు. పైగా సీటు కింద ఉన్నది 24 వోల్టుల బ్యాటరీ సెట్టు. వోల్టేజ్ తక్కువే అయినా షార్టయితే వందల ఆంపియర్లు పారతాయి. జారిన ఫాయిల్ రెండు టెర్మినళ్ల మధ్య పడితే సీటు కింద మంట, సీటు మీద లేచి పరిగెత్తలేని మనిషి. కంట్రోలర్ వేడి బయటికి పోవాల్సిన రెక్కల మీద చుడితే అదో గోల.

సుజాత గారూ, నేను హామ్ రేడియో వాడిని, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడేవాడిని, తరంగాలు బయటికి పంపే పార్టీ అన్నమాట. అందుకని దూరాల సంగతి నేను చెబుతాను. రేడియో బలాన్ని మీటరుకి ఇన్ని వోల్టులు అని కొలుస్తారు. వీల్‌చెయిర్ లోకంలో గుర్తుంచుకోవాల్సిన అంకె 20, మంచి కుర్చీ మీటరుకి 20 వోల్టుల దాకా తట్టుకోవాలి. యాంటెన్నా నుంచి దూరం రెట్టింపైతే ఈ బలం సగమవుతుంది, దూరం సగమైతే బలం రెట్టింపు.

ఖాళీ మైదానం లెక్కలో చూస్తే, గార్డుల చేతిలో ఉండే 5 వాట్ల వాకీటాకీ మీటరు దూరంలో దాదాపు 16 ఇస్తుంది, 80 సెంటీమీటర్ల లోపలికి వస్తే 20 దాటుతుంది. భుజం పక్కన నిలబడ్డాడంటే ఇక చెప్పేదేముంది. పోలీసు జీపుల్లాంటి వాటిలో బిగించిన 25 వాట్ల సెట్టయితే దాదాపు 1.75 మీటర్ల దాకా, మా హామ్ కారు సెట్లు 50 వాట్లవి రెండున్నర మీటర్ల దాకా 20 పైనే ఉంటాయి. ఇదంతా కుర్చీ నిజంగా 20 తట్టుకుంటేనే. అది 5కే లొంగిపోయే రకమైతే ఈ దూరాలన్నీ నాలుగింతలు చేసుకోండి, 5 వాట్ల చేతి సెట్టుకే మూడు మీటర్లు పైగా కావాలి. లోహపు గేటు, లిఫ్టు డబ్బా, కారు వరసల మధ్య తరంగాలు తిరిగికొట్టి కొన్నిచోట్ల బలం ఇంకా పెరుగుతుంది, కాబట్టి ఇవి గీత గీసినట్టు ఖచ్చితమైనవనుకోవద్దు.

అమ్మగారి లిస్టు సంగతి. వైఫై పెట్టె 0.1 వాట్, మీటరు దూరంలో రెండుకి అటూ ఇటూగా ఉంటుంది అంతే, పీకక్కర్లేదు. ఎదురు బిల్డింగ్ టవర్ చూస్తే భయమేస్తుంది గానీ, 2012లో మన టెలికాం శాఖ టవర్ల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదోవంతుకి తగ్గించింది, ఆ లెక్క 900 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకి 13 వోల్టులు. జనం తిరిగేచోటికి అప్పుడు పెట్టిన గరిష్ఠం అది, మామూలుగా అందులో చిన్న వంతే ఉంటుంది. ఇండక్షన్ స్టవ్ పనిచేసేది కిలోహెర్ట్జ్‌లలో, దాని క్షేత్రం గిన్నె చుట్టూ ఉండి దూరం పోయేకొద్దీ తొందరగా పడిపోతుంది. చెయ్యి చాపి వంట చేసుకునేంత దూరంలో కుర్చీకి దాని వల్ల పెద్దగా ఏమీ కాదు.

అసలు చూడాల్సింది ఫోన్. 4జీ ఫోన్ గరిష్ఠంగా 0.2 వాట్, 15 సెంటీమీటర్ల దగ్గర 20 చేరుతుంది. 2జీలో మాట్లాడుతుంటే 900 బ్యాండులో ఒక్కో ముక్క 2 వాట్ల దాకా పోవచ్చు, అప్పుడు అరమీటరు. ఇంకో తిరకాసు, సిగ్నల్ బాగా ఉన్నచోట ఫోన్ నెమ్మదిగా మాట్లాడుతుంది, సిగ్నల్ లేనిచోట గొంతు చించుకుంటుంది. అంటే మీ సెల్లార్లో, లిఫ్టులో అది పూర్తి పవర్‌లో ఉంటుంది. మీ ఫోన్ ఎక్కడ పెట్టుకుంటారు?

చక్రాల_సుజాత (మియాపూర్)

శీను గారూ, నిలకడగానే జరిగింది, కుదుపు లేదు. వాచ్‌మన్‌ని అడిగి సెట్టు చూశాను, పాతది, అనలాగే. రబ్బరు తొడుగు బాగానే ఉంది, కర్ర వదిలితే మధ్యకి వస్తోంది. కనెక్టర్ తమ్ముడు చూశాడు, గట్టిగానే ఉందంటున్నాడు.

మేడమీద గారూ, ఫోన్ సంగతి అడిగారు కదా. కుర్చీ ఇచ్చేటప్పుడే షాపువాళ్లు జాయ్‌స్టిక్ పక్కన ఒక హోల్డర్ బిగించి, బ్యాటరీ నుంచి వైరు లాగి యూఎస్‌బీ ఛార్జర్ పెట్టి ఇచ్చారు, 'ఫ్రీ మేడమ్' అని. ఫోన్ అంచుకీ జాయ్‌స్టిక్ డబ్బాకీ మధ్య నాలుగు వేళ్ల సందు కూడా లేదు. ఛార్జర్ వైరు, జాయ్‌స్టిక్ కేబుల్ రెండూ కలిపి ఒకే జిప్ టై వేసి ఉన్నాయి. మీ పోస్టు చదివాక ఇప్పుడే వంగి చూశాను.

మాన్యువల్ తిరగేస్తే రేడియో గురించి ఒక్క ముక్క లేదు. ఛార్జింగ్, గాలి, బరువు ఇంతే.

డాలస్_రావు

అమ్మా సుజాతా, మా నాన్నగారికి ఇక్కడ పవర్ చెయిర్ ఉంది, దాని మాన్యువల్లో ఈ విషయం మీదే రెండు పేజీలుంది. మొదటిసారి చదివినప్పుడు లాయర్లు రాయించిన చాదస్తం అనుకున్నాను, తర్వాత కథ తెలిసింది.

1990ల మొదట్లో అమెరికాలో కుర్చీలు ఉన్నట్టుండి కదులుతున్నాయని ఫిర్యాదులొచ్చాయి. పక్కనుంచి పోలీసు బండో ఫైరింజనో వెళుతూ రేడియో వాడితే, దగ్గర్లో సీబీ రేడియోవాళ్లు (అక్కడ లారీ డ్రైవర్లూ మామూలు జనమూ వాడే రేడియో) మాట్లాడితే కుర్చీ ఫుట్‌పాత్ అంచు దాటిపోయేది, పడవల రేవు దగ్గరైతే నీళ్లవైపు పోయేది. అప్పుడు ఎఫ్‌డీఏ (మందులూ వైద్య పరికరాల మీద అజమాయిషీ చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) స్వయంగా కుర్చీల్ని పరీక్షించి, 1994లో తయారీదార్లకి ఉత్తరాలు రాసింది. కనీసం మీటరుకి 20 వోల్టులు తట్టుకునేలా చెయ్యండి, ప్రతి కుర్చీ ఎంత తట్టుకుంటుందో మాన్యువల్లో రాయండి, వాడేవాళ్లకి జాగ్రత్తలు చెప్పండి అని. వీయూ3 గారు చెప్పిన 20 అక్కడి నుంచి వచ్చిందే. తర్వాత అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది, ఐఎస్ఓ 7176-21, మొదట 2003లో, మళ్లీ సవరించి 2009లో. ఆగి ఉన్న కుర్చీ తరంగాలు తగిలినా కదలకూడదు, నడుస్తున్న కుర్చీ వేగమూ దారీ పరిమితి దాటి మారకూడదు, అదీ పరీక్ష. 26 మెగాహెర్ట్జ్ నుంచి 2.5 గిగాహెర్ట్జ్ దాకా చూస్తారు. మీ వాకీటాకీలు, 2జీ, 4జీలో చాలా భాగం అందులోకే వస్తాయి. 5జీ 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండు దాని బయట ఉంది, ఫోన్ జాయ్‌స్టిక్‌కి దూరంగా ఉంచమనడానికి అదొక కారణం.

కాబట్టి తమ్ముడికి చెప్పండి, కొత్త కుర్చీ కొనాల్సి వస్తే షాపులో రంగూ కుషనూ చూడక ముందే 7176-21 టెస్ట్ రిపోర్టు అడగమని. 'సీఈ మార్కు (యూరప్ నియమాలకి సరిపోతుందని వేసే గుర్తు) ఉంది సార్' అంటారు. స్టిక్కర్ ఎవరైనా అతికిస్తారు, రిపోర్టులో ఏ మోడల్, ఏ కంట్రోలర్, ఎంత బలం దగ్గర పరీక్షించారో ఉంటుంది. అడిగితే నసిగేవాడి దగ్గర నేనైతే కొనను.

మీ యూఎస్‌బీ ఛార్జర్ విషయం మాత్రం నాకు కోపం తెప్పించింది. మా మాన్యువల్లో పెద్దక్షరాల్లో రాసి ఉంది, ఏదైనా అదనంగా తగిలిస్తే కుర్చీ తట్టుకునే శక్తి మారిపోవచ్చు, ఎంత మారిందో మళ్లీ పరీక్షిస్తే తప్ప తెలీదు అని. అంటే మంచి కంట్రోలర్ పెట్టి పరీక్ష పాసైన కుర్చీని కూడా షాపువాడు ఒక నాసిరకం ఛార్జర్‌తో పాడుచేసి ఇవ్వగలడు, ఫ్రీగా.

ఫిజియో_ఖమ్మం

వైర్ల సంగతి మీరంతా చూసుకుంటున్నారు, నేను కుర్చీలో కూర్చున్న మనిషి గురించి చెబుతా.

సుజాత గారూ, మీరు రెండోసారి ఆఫ్ చేశారు చూడండి, చెయ్యాల్సింది అదే. ఈ కుర్చీల్లో బ్రేకు కరెంటు ఉంటే వదులుతుంది, కరెంటు పోతే స్ప్రింగ్ బిగించేస్తుంది. ఆఫ్ బటనే మీ హ్యాండ్ బ్రేకు. అయితే నడుస్తుండగా ఆఫ్ చేస్తే ఒక్కసారిగా ఆగుతుంది, నడుము కంట్రోల్ లేనివాళ్లు ముందుకు పడిపోతారు. బెల్టు లేకుండా ర్యాంపు ఎక్కడం, దిగడం మానేయండి. ఇంటి మనుషులకి కూడా ఆ బటన్ ఎక్కడుందో చూపించండి, చాలామందికి తెలీదు, కంగారులో వెనకనుంచి హ్యాండిల్ పట్టుకుని లాగుతారు, మోటారు ముందు వాళ్ల బలం చాలదు.

ఎక్కడైనా ఆగి వెయిట్ చేస్తుంటే ఆఫ్‌లో పెట్టడం అలవాటు చేసుకోండి. గేటు దగ్గర, లిఫ్టు ముందు, సిగ్నల్ దగ్గర, డాక్టర్ గది బయట. ఆఫ్‌లో ఉన్న కుర్చీని ఏ వాకీటాకీ కదపలేదు. అయితే ఒక షరతు, మోటార్ల దగ్గర ఉండే ఫ్రీవీల్ లివర్ డ్రైవ్ వైపే ఉండాలి. చేత్తో నెట్టడానికి లివర్ తిప్పి, మళ్లీ వెయ్యడం మర్చిపోతుంటారు, అప్పుడు ఆఫ్ చేసినా బ్రేకు ఉండదు.

చేతులు కూడా ఆడనివాళ్లు, గడ్డంతోనో తలతోనో నడిపేవాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు. వాళ్లు ఆఫ్ బటన్ అంత తొందరగా అందుకోలేరు. అలాంటివాళ్లకి వెనక నడిచే మనిషి నొక్కేలా వేరే స్టాప్ స్విచ్ కంపెనీ చేతే పెట్టించుకోవాలి, మన కరెంటు మేస్త్రీ చేత కాదు.

వరంగల్_వీరుడు

నేను ఇదే రకం కుర్చీ ఏళ్లుగా వాడుతున్నా, మెట్రో ఎక్కుతా, మేడారం జాతరకి కూడా పోయిన, అక్కడ అడుగుకో పోలీసు, చేతిలో సెట్టు. ఒక్కసారి కూడా కదల్లేదు. ఇవన్నీ చదివి జనం బయటికి పోవుడే బంద్ చేస్తరేమో అని నా బాధ. కుర్చీ మంచిదైతే ఇదంతా అసలు తెలియనే తెలియదు. సుజాత గారి కుర్చీ నాసిరకం, లేదంటే ఆ ఛార్జర్ దెబ్బ, అంతే.

వీయూ3_మేడమీద_యాంటెన్నా

వీరుడు గారూ, బయటికి పోవద్దని ఎవరూ అనలేదు. మీ కుర్చీ బాగుండటం సంతోషమే గానీ, మీ కుర్చీ కదల్లేదు కాబట్టి ఆమె కుర్చీ కదలదని అర్థం కాదు కదా. ఒకే మోడల్లో కూడా కేబుల్ ఎటు తిప్పి కట్టారు, చెయ్యి ఎక్కడుంది, సెట్టు ఏ ఫ్రీక్వెన్సీ, యాంటెన్నా నిలువుగా ఉందా పడుకుని ఉందా, వీటన్నిటితో ఫలితం మారిపోతుంది. అందుకే ఇది దొరకని దొంగ. సర్వీస్ మనిషి ఇంటికొచ్చి అరగంట నడిపి 'అంతా ఓకే' అని పోతాడు.

గార్డులతో మాట్లాడటమే అన్నిటికన్నా చవకైన మందు. అసోసియేషన్ మీటింగులో ఒక మాట అనండి, వీల్‌చెయిర్ దగ్గరికి రాకముందే మాట్లాడటం ముగించాలి, కుర్చీ పక్కనుంటే మూడు నాలుగు మీటర్లు వెనక్కి వెళ్లి బటన్ నొక్కాలి అని. సెట్టు వింటున్నప్పుడు ఏమీ కాదు, నొక్కి మాట్లాడినప్పుడే ఇబ్బంది, ఇది విడమరిచి చెప్పకపోతే మిమ్మల్ని చూడగానే సెట్టు దాచేసుకుంటారు పాపం. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఎవరైనా మొబైల్ సిగ్నల్ బూస్టర్ పెట్టారేమో కూడా చూడండి, అనుమతి లేకుండా అది పెట్టడమే చట్టవిరుద్ధం.

చక్రాల_సుజాత (మియాపూర్)

వీరుడు గారూ, నేను కూడా బయటికి పోవడం మానను లెండి. సోమవారం సర్వీస్ మనిషిని పంపిస్తామన్నారు. ఇంటికొస్తే ఏం చేయించాలి, ఏం చేయించకూడదు? ఫెరైట్ అని ఒక నల్ల గుండు కేబుల్‌కి తగిలిస్తే పోతుందని వీడియోలో చూశాను, నిజమా? అతని ముందు వాకీటాకీ నొక్కించి చూపించొచ్చా?

టంకం_శీను

చూపించొచ్చు, కానీ మీరు కుర్చీలో ఉండి కాదు. మంచం మీదకి మారిపోండి. కుర్చీ కింద ఇటుకలో చెక్క దిమ్మెలో పెట్టి రెండు డ్రైవ్ చక్రాలూ నేలకి తగలకుండా లేపమనండి, వేగం అన్నిటికన్నా తక్కువలో పెట్టి ఆన్ చెయ్యమనండి. వాచ్‌మన్ మూడు మీటర్ల నుంచి నొక్కుతూ మెల్లగా దగ్గరికి రావాలి, జాయ్‌స్టిక్ వైపు నుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి. చక్రం తిరిగిందో, బ్రేకు టక్‌మందో తమ్ముడు ఫోన్‌లో వీడియో తీసుకోవాలి, కాస్త దూరంగా నిలబడి. ముందు ఛార్జర్ ఉన్నట్టే చెయ్యండి, తర్వాత ఛార్జర్ వైర్లు పూర్తిగా పీకించి మళ్లీ చెయ్యండి. తేడా వస్తే దొంగ దొరికినట్టే. కదలకపోతే మాత్రం 'సమస్య లేదు' అని రాయించుకోనివ్వకండి, మనిషి కూర్చున్నప్పుడు చెయ్యీ ఒళ్లూ కూడా తరంగాన్ని కేబుల్‌కి అందిస్తాయి, ఖాళీ కుర్చీలో అది రాకపోవచ్చు.

ఛార్జర్ ఎలాగూ తీయించేయండి, ఫలితంతో పనిలేదు. చవక ఛార్జర్ లోపల 24ని 5 వోల్టులు చేసే సర్క్యూట్ సెకనుకి లక్షసార్లకు పైగా ఆన్ ఆఫ్ అవుతుంది, దానికి ఫిల్టర్ అంటూ ఏదీ పెట్టరు. ఆ చప్పుడంతా జిప్ టై వేసిన జాయ్‌స్టిక్ కేబుల్లోకే. ఫోన్‌కి పవర్ బ్యాంకు వాడుకోండి, హోల్డర్ ఎడమవైపుకి మార్పించండి, అదీ కుదరకపోతే వెనక బ్యాగులో.

ఫెరైట్ నిజమే, మాయ కాదు. కేబుల్ బయటి నుంచి ఎక్కే రేడియో కరెంటుకి అడ్డం పడుతుంది, లోపలి అసలు సిగ్నల్‌ని ముట్టుకోదు. రెండు ముక్కలుగా తెరుచుకుని క్లిప్పులా మూసుకునే రకం తీసుకుంటే వైరు కొయ్యక్కర్లేదు. కేబుల్‌కి గట్టిగా పట్టే సైజు కావాలి, వదులుగా వేలాడితే దండగ, కంట్రోలర్ పెట్టెలోకి కేబుల్ దూరేచోట ఒకటి, జాయ్‌స్టిక్ దగ్గర ఒకటి. ఎలక్ట్రానిక్స్ షాపులో 43 రకం అని అడగండి, 150 మెగాహెర్ట్జ్ చుట్టూ పనిచేసే వాకీటాకీలకి అది బాగా పనికొస్తుంది. దానివల్ల 5కి లొంగే కుర్చీ 20కి లొంగనిదైపోతుందని మాత్రం నేను హామీ ఇవ్వను. అసలైన పని బోర్డు లోపల ఉంటుంది, జాయ్‌స్టిక్ ఇన్‌పుట్ దగ్గర చిన్న కెపాసిటర్లు, లోహపు పెట్టె, షీల్డ్ ఉన్న కేబుల్, ఆ షీల్డ్ రెండు చివరలా సరిగ్గా కలపడం. అది తయారుచేసినవాళ్లే చెయ్యాలి. సర్వీస్ మనిషి కంట్రోలర్ మారుస్తానంటే అదే కంపెనీ, అదే మోడల్ పార్టు నంబరు ఉన్నదే వెయ్యమనండి. ఈ-బైక్ కంట్రోలర్ తగిలించి 'ఇంకా పికప్ వస్తుంది' అనే మహానుభావులున్నారు, ఒప్పుకోకండి.

ఫోన్‌లో మాట్లాడటం ఆపి మెయిల్ రాయండి. తేదీ, టైము, చోటు, కుర్చీ సీరియల్ నంబరు, వాకీటాకీ మోడల్, అది ఎంత దూరంలో ఉంది, చెయ్యి ఎక్కడుంది, బటన్‌తో పాటే కదిలి బటన్‌తో పాటే ఆగింది అన్న సంగతి, ఛార్జర్ ఎవరు బిగించారు, వీడియో జత. చివర రెండే అడగండి, ఈ మోడల్ మీటరుకి ఎన్ని వోల్టులు తట్టుకుంటుంది, ఐఎస్ఓ 7176-21 రిపోర్టు పంపగలరా. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. వైద్య పరికరాల వల్ల ఇబ్బంది జరిగితే నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 నుంచి నడుస్తోంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూస్తుంది, దెబ్బ తగలకపోయినా అక్కడ రాయొచ్చు.